బ్రౌజర్ గారి సముఖమునకు

మా బాపు బ్రౌజర్‌కు దరఖాస్తు రాసిండని చెప్తె మా చుట్టాలు ఇప్పటికి నవ్వుతరు. నవ్వనియ్యి. రాసింది బాపు, అబద్ధమాడింది నేను. ఈ మొత్తం కతల ఇజ్జత్ పోకుంట బతికిపోయింది ఆ బ్రౌజర్ ఒక్కటే.

హన్మకొండల కలెక్టర్ ఆఫీసు కాడ రోడ్డు దాటంగనే నా నెట్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, ఒక లామినేషన్ పెట్టె. బోర్డు మీద 'అన్ని రకాల ఆన్‌లైన్ సేవలు' అని రాయించిన. పెయింటర్‌కు కింద జర జాగ మిగిలిందట, ఒక గులాబి పువ్వు కూడ ఏసిపోయిండు. ఆ పువ్వు ఎందుకని వచ్చినోల్లందరు అడిగేటోల్లు. నాకు తెల్వదు అని చెప్పి చెప్పి నోరు నొచ్చేది.

షాపు పెట్టకముందు అదే జాగల మా బాపు ఉండేటోడు. ఒక మడత టేబుల్, ఒక నల్ల గొడుగు, కార్బన్ పేపర్లు, రెండు పెన్నులు. నలభై ఏండ్లు దరఖాస్తులు రాసిండు. గెట్టు పంచాయితీ ఉన్నోల్లు, పాసుపుస్తకంల పేరు తప్పు పడ్డోల్లు, పింఛన్ కావాలన్నోల్లు, అందరు ముందుగాల్ల మా బాపు కాడికొచ్చి ఆ తర్వాతనే రోడ్డు దాటి లోపలికి పోయేటోల్లు. బాపుది ఒక పద్ధతి ఉంటది. వచ్చినోల్లను చూడంగనే పెన్ను ముట్టడు. "చెప్పు" అంటడు. గెట్టు కాడ మొదలుపెట్టినోడు మేనత్త పెండ్లిదాక పోయి, అక్కడ కూరల ఉప్పు ఎక్కువైన సంగతి కూడ చెప్పి, మల్ల గెట్టు కాడికి వస్తడు. అయినా మధ్యల ఆపడు. మొత్తం ఇన్నంకనే రాస్తడు. రాసినంక పెద్దగ సదివి ఇనిపిస్తడు. "గంతేనా, ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగి, అప్పుడు సంతకం పెట్టనిస్తడు.

ఆ తర్వాత అన్ని ఆన్‌లైన్ అయినయ్. నేను సెంటర్ పెట్టిన. బాపు గొడుగు కిందికి రావాల్సినోల్లు ఒక్కొక్కలు గొడుగు పక్కపొంటి నడుసుకుంట నా కాడికి రాబట్టిన్రు. కొన్ని దినాలకు బాపు గొడుగు మడిసి, నా షాపుల మూలకున్న కుర్చీల కూసున్నడు. నా బిడ్డే నా గిరాకి గుంజుకున్నదని ఒక్కనాడు అనలే. అన్నా బాగుండు, నేను కూడ రెండు మాటలు అని కొట్లాడేదాన్ని. నేను కోపం మనిషిని, కొట్లాటయితె నాకు మంచిగ అర్థమయితది. ఉత్తగ కూసున్నోల్లతోని ఏం చెయ్యాల్నో తెల్వదు. బాపు పొద్దందాక ఫ్యాన్ దిక్కు చూసేటోడు. ఇంటికి పోయినంక అమ్మ టిఫిన్ డబ్బ ఇప్పి, సగం అన్నం అట్లనే ఉంటె నా దిక్కు చూసేది. నేను గోడ దిక్కు చూసేదాన్ని.

గిట్ల ఉండంగ ఒక సోమవారం వచ్చింది. సోమవారం అంటె దరఖాస్తులు తీసుకునే దినం, మా రోడ్డు మీద జాతరే. ఆ దినం పొద్దుగాలనే మరిపెడ దిక్కు నుంచి ఒకామె వచ్చింది. బిడ్డకు హాస్టల్ సీటు కోసం ఫారం నింపాలె, ఆఖరి రోజు అదే. ఫారం తండ్రి ఆధార్ నంబర్ అడిగింది. ఆమె ఫోన్ పట్టుకొని బయటికి పోయింది, లోపట సిగ్నల్ రాదు. ఆమె మొగడు ట్రాక్టర్ మీద ఉన్నడు, ఆయనకు ఇనపడదు. మాట్లాడి వచ్చేవరకు తెర మీద 'మీ సమయం ముగిసింది, దయచేసి మళ్లీ మొదటి నుంచి ప్రారంభించండి' అని వచ్చింది. మల్ల మొదలుపెట్టినం. ఈసారి ఆదాయం సర్టిఫికెట్ నంబర్ అడిగింది. మల్ల బయటికి, మల్ల ట్రాక్టర్, మల్ల సమయం ముగిసింది. మూడోసారి కూడ గట్లనే అయ్యేవరకు ఆమె స్టూలు మీద కూలబడ్డది. నేను మౌస్‌ను టేబుల్‌కేసి కొట్టిన. మౌస్‌కు ఏం కాలే, గోరు ఇరిగింది.

అప్పుడే బ్రౌజర్ పైమూలకు ఒక చిన్న డబ్బ ఊడిపడ్డది. 'మా తరువాతి వెర్షన్‌లో మీకు ఏమి కావాలి? మాతో పంచుకోండి.' సమయం సందర్భం లేదా దీనికి అని నాకు ఒళ్లు మండింది. "ఇగో, ఇదొక్కటి తక్కువైంది" అని అందరికి ఇనపడేటట్టు సదివిన. "కొత్తగ తయారయ్యెటప్పుడు మీకేం కావాలె అని బ్రౌజర్ అడుగుతాంది."

మూలకెల్లి బాపు మాట్లాడిండు. వారం రోజుల్ల అది మొదటి మాట.

"ఎవరు అడుగుతాన్రు?"

"బ్రౌజర్ చేసేటోల్లు బాపు. గీ కంప్యూటర్ల నెట్టు ఇప్పి చూపిస్తది గద, అది."

"వాల్లంతట వాల్లే అడుగుతాన్రా? మనం పోకముందుకే?"

"ఔ."

బాపు లేచి నిలబడ్డడు. "నలభై ఏండ్లల్ల నీకేం కావాలె అని ఎవ్వలు ఎదురొచ్చి అడగంగ నేను చూడలే. అడిగినప్పుడు చెప్పకపోతె మర్యాద కాదు. తెల్లకాయితాలు ఇటు తే."

ముందుగాల్ల మరిపెడామె పని చూసిండు. ఫారంల ఉన్న ప్రశ్నలన్ని నాతోని సదివిచ్చి కాయితం మీద రాసుకున్నడు. ఆమెను పక్కన కూసోపెట్టుకొని, ఉన్న కాయితాలల్ల నుంచి తీసి, లేనియి ఒక్కటే ఫోన్‌ల అడిగిచ్చి, అన్నిటికి జవాబులు రాసి నా చేతికిచ్చిండు. నేను చూసుకుంట ఒక్క ఊపుల కొట్టిన. పగటి అన్నం యాల్లకు ఫారం పోయింది. నాకు సిగ్గయింది. ఇన్నేండ్ల సంది ఫారాలు నింపుతాన, ఈ ఉపాయం నాకు తట్టలే.

"ఇప్పుడు చెప్పు బిడ్డా" అన్నడు బాపు ఆమెతోని. "ఆ బ్రౌజర్‌కు నీ మాట ఏంది?"

"నాకేం అద్దు బాపు. జర ఆగుమను. మనిషి ఫోన్ మాట్లాడి వచ్చేదాక ఆగకపోతె ఎట్ల? చెయ్యెత్తితె మా ఊరి బస్సు కూడ ఆగుతది."

బాపు దాన్ని మొదటి అంశం కింద రాసిండు. అప్పటికి షాపుల జనం జమైన్రు. ఏదో కొత్త స్కీమ్ వచ్చిందనుకున్నరో ఏమో, ఎవలకు వాల్లు లైన్ కట్టిన్రు. మా రోడ్డు మీద ఒకడు కాయితం మీద రాసుకుంట కూసుంటె, ఇంకొకడు అది దేనికని అడగడు. ముందు లైన్‌ల నిలబడి, ఆ తర్వాత అడుగుతడు.

మా అడ్డా మీద ఆటో నడిపే చాచా ముందుకొచ్చిండు. "అరె భాయ్, నేను ఒక్కసారి కూలర్ చూసిన ఫోన్‌ల. ఒక్కటంటె ఒక్కసారి. అప్పటి సంది ఏది ఇప్పినా కూలరే. కొన్న. ఇంట్ల ఉన్నది, తిరుగుతాంది. అయినా కొను కొను అని ఎంబడి పడ్తాంది. కొన్నా అని చెప్పెటందుకు ఒక జాగ పెట్టుమను. నమ్మకపోతె ఇంటికొచ్చి చూసుకొమ్మను, చాయ్ తాపిస్త."

బాపు రాసుకుంటనే పెద్దగ సదివిండు. "సదరు కూలర్‌ను అర్జీదారు ఇదివరకే కొనుగోలు చేసియున్నారు. తనిఖీ నిమిత్తము విచ్చేయదలచినచో తేనీటి ఏర్పాటు కలదు."

"వాహ్" అన్నడు చాచా.

స్టేషన్ ఘన్‌పూర్ పటేల్ ఒకాయన ఎరువుల కాయితాలు జిరాక్స్ తీయించుకుందామని వచ్చిండు, ఆయన కూడ లైన్‌ల కలిసిండు. "నన్ను నువ్వు మనిషివా కాదా అని అడుగుతాంది సారు. నిన్న మా అల్లుని ముందట అడిగింది. బొమ్మలు చూపెట్టి సిగ్నల్ లైట్లు గుర్తుపట్టుమంటది. మా ఊర్లె సిగ్నల్ ఏడిది? తప్పు కొట్టిన. నువ్వు మనిషివి కాదన్నది. బర్లను పెట్టుమను. వంద బర్లల్ల నాది ఏదో చూపిస్త."

"బాపు, అది బ్రౌజర్ పని కాదు, వేరేటోల్లది" అన్న నేను.

"సంబంధిత శాఖకు వాల్లే పంపుకుంటరు తీ" అన్నడు బాపు. "అర్జీదారు మనిషియేనని ఇరుగుపొరుగు వారు ధ్రువీకరించుచున్నారు" అని రాసి, సాక్షి సంతకం కోసం చుట్టు చూసిండు. చాచా పెట్టిండు. పటేల్‌కు మంచిగ సంతకం వస్తది, అయినా వేలిముద్ర ఏసిండు. ముద్ర అయితె మనిషినని జల్ది నమ్ముతరని.

ఒక మొగడు పెండ్లాలు వచ్చిన్రు. ఈయన ఫోన్‌ల ఏమేం చూసిండో ఆ చిట్ట మొత్తం నా ఫోన్‌కు కూడ రావాలె అన్నది ఆమె. ఆ చిట్టనే లేకుంట చెయ్యాలె అన్నడు ఆయన. ఇద్దరు అక్కడనే లొల్లి పెట్టుకున్నరు. బాపు ఇద్దరిది రాసిండు, భూమి పంచినట్టు, నాలుగు బై అ, నాలుగు బై ఆ అని. ఇద్దరు సల్లవడి సంతకాలు పెట్టిన్రు.

ఆఖరికి పక్క బండి బజ్జీల అక్క, ఫోన్ చార్జింగ్ పెట్టనీకి వచ్చింది. తెర దిక్కు చూసి, "గీ డబ్బల మూలలు మస్తు కోసగున్నయ్" అన్నది. "చూస్తాంటె కంట్లె గుచ్చుకున్నట్టు అయితాంది. జర గుండ్రంగ చెయ్యుమను." అందరు నవ్విన్రు. బాపు నవ్వలే. ఐదో అంశం, మూలలు.

ఆరు పేజీలు అయింది. మొదట్ల 'గౌరవనీయులైన బ్రౌజర్ గారి దివ్య సముఖమునకు, హన్మకొండ పట్టణ మరియు పరిసర గ్రామముల వాస్తవ్యులు సవినయముగ నమస్కరించి వ్రాయునది ఏమనగా' అని ఉన్నది. ఆఖర్ల 'నకలు: జిల్లా కలెక్టర్ గారికి, సమాచారం నిమిత్తము' అని ఉన్నది. ఆ నకలు వరకు నేను కాళ్లు మొక్కి ఆపిన.

సంతకాలు అయినంక బాపు లేచి నిలబడి మొత్తం సదివిండు. వారం సంది గొంతు లేని మనిషి, రోడ్డు మీదికి ఇనపడేటట్టు సదివిండు. షాపు నిండ జనం కిక్కురుమనకుంట ఇన్నరు. 'తల్లి ఫోన్‌లో మాట్లాడి వచ్చునంతలో తలుపు మూసివేయుట న్యాయము కాదని' అన్న కాడికి వచ్చేవరకు మరిపెడామె కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. "నేను చెప్పిందే గద బాపు, అయినా ఇంటాంటె పానం నిమ్మలమైంది" అన్నది.

ఇగ పంపుడు నా వంతు. ఆరు పేజీలు కొట్టిన, తీసుకపోయి ఆ డబ్బల పెట్టిన. ఎర్ర అక్షరాలు వచ్చినయ్. 'ఐదువందల అక్షరాలు మించరాదు.' బాపు మర్యాదలకే ఆ డబ్బ నిండింది. మరిపెడామె గోస ఇంకా మొదలే కాలే.

ఎనుకకు తిరిగి చూసిన. బాపు నా కుర్చీ ఎనుక నిలబడ్డడు. కండ్లద్దాలు సదురుకున్నడు. మొఖం మీద ఎట్లాంటి ఎలుగు ఉన్నదంటె, అది ఆర్పితె నాకు పుట్టగతులుండయ్ అనిపించింది.

"పోయిందా?"

"పోయింది బాపు."

"రశీదు?"

ఇగ చూడుండ్లి నా తెలివి. 'మీ దరఖాస్తు అందినది' అని కొట్టి, నోటికొచ్చిన నంబర్ ఏసి, ప్రింట్ తీసి, సొరుగుల ఉన్న మా షాపు గుండ్రటి ముద్ర తలకిందులు చేసి గుద్దిన, అక్షరాలు తెల్వకుంట. బాపు ఆ కాయితాన్ని చాలాసేపు చూసిండు. నాలుగు మడతలు పెట్టి అంగి జేబుల పెట్టుకున్నడు. ఆ దినం టిఫిన్ డబ్బ ఖాళీగ వచ్చింది. అమ్మ దాన్ని ఎలుగుకు పట్టి చూసింది.

మల్ల సోమవారం బాపు గడ్డం గీసుకొని, తెల్లంగి ఏసుకొని వచ్చిండు. కుర్చీల కూసోలే. గిరాకి లెక్క నా టేబుల్ ముందట నిలబడ్డడు. "మనది ఎక్కడిదాక వచ్చింది?"

"చూస్తాన్రట బాపు. పరిశీలనల ఉన్నది."

ఆ తర్వాతి సోమవారం, ఫైలు పై టేబుల్‌కు పోయిందని చెప్పిన. ఆ పైవారం, సారు లీవుల ఉన్నడన్న. ఎవలు నేర్పకుంటనే ఇయ్యన్ని ఎంత మంచిగ వచ్చినయో నాకు. ఒకసారైతె "రేపు రా బాపు" అని నోట్లె నుంచి జారింది. ఇద్దరం ఒకే ఇంటికెల్లి ఒకే స్కూటీ మీద వచ్చినోల్లం.

అబద్ధమైతె అబద్ధం గని, దాంతోని బాపు మనిషయిండు. చాచాతోని చాయ్‌ల చక్కెర గురించి కొట్లాడబట్టిండు. నా గిరాకిని తనే పిలిచి కూసోపెట్టి, "చెప్పు" అని, ఫారంల కావాల్సినయన్ని ముందు కాయితం మీద రాసి ఇచ్చేటోడు. నా పని సులువైంది. ముసలోల్లయితె నన్ను దాటేసి సీదా బాపు కాడికే పోయేటోల్లు. అన్నం తింటాండు, నవ్వుతలేడు గని మాట్లాడుతాండు. ఇప్పుడు నిజం చెప్తె మల్ల ఫ్యాన్ దిక్కు చూసుకుంట కూసుంటడని నా భయం. ఆ భయంతోనే ప్రతి ఆదివారం పొద్దందాక మరుసటి దినానికి ఏం సాకు చెప్పాల్నో ఎతుక్కునేదాన్ని.

రెండు నెలలు గడిసినయ్. ఒక పొద్దుగాల కంప్యూటర్ ఆన్ చేసిన. బ్రౌజర్ తనంతట తనే కొత్త వెర్షన్‌కు మారింది. చూస్తె రంగులు జర మారినయ్, గుర్తులు జర జరిగినయ్. డబ్బల మూలలన్ని గుండ్రంగ అయినయ్.

తెర బంద్ చేద్దామనేవరకు బజ్జీల అక్క చేతుల జాలిగంటెతోని లోపలికొచ్చింది. తెర చూసింది. గంటె కెల్లి నూనె బొట్లు బొట్లు కారుతానయ్, ఆమెకు సోయి లేదు.

"నా మూలలు" అన్నది మెల్లగ.

ఇగ ఆమెను ఎవలు ఆపుతరు. ఆ దినం అడ్డా మొత్తానికి మిరపకాయ బజ్జీలు ఉత్తగనే పెట్టింది. బాపు జేబుల నుంచి రశీదు తీసి ఎనుక దిక్కు 'ఐదవ అంశము పరిష్కరించబడినది' అని రాసి తారీఖు ఏసిండు. ఎండాకాలం పోయింది గద, చాచా ఫోన్‌ల కూలర్లు బంద్ అయి రగ్గులు రాబట్టినయ్. సగం పని అయినట్టే అని చాచా కూడ ఒప్పుకున్నడు. పంపని దరఖాస్తుకు జవాబొచ్చింది, ఇట్లాంటి గోస పగోనికి కూడ అద్దు. ఏ సెంటర్ల రాస్తె బ్రౌజర్ ఇంటదో అడుక్కుంట కొత్త జనం రాబట్టిన్రు. గులాబి పువ్వు ఉన్న బోర్డు అని ఒకలకొకలు గుర్తు చెప్పుకున్నరు. ఆ పువ్వు ఎందుకు ఉన్నదో అప్పుడు తెలిసింది.

నాలుగు దినాలకు మరిపెడామె మక్కకంకుల సంచి పట్టుకొని వచ్చింది. బిడ్డకు సీటు వచ్చింది. "నువ్వు రాసినందుకే బాపు" అని కాళ్లు మొక్కింది. ఆ తర్వాత జర నసిగి, "గని నా అంశం కాలే బాపు" అన్నది. "నిన్న బ్యాంకుల పనికి పోతె అక్కడ కూడ సమయం ముగిసిందని రెండుసార్లు ఎల్లగొట్టింది. నాది ఎప్పుడైతది?"

బాపు మొఖం ఎర్రగయింది. "మొదటి అంశం ఇడిసిపెట్టి ఐదో అంశం చేస్తరా? మూలలు ముందు, మనుషులు ఎనుకనా?" అన్నడు. బజ్జీల అక్క తల దించుకున్నది, తప్పు తనదే అన్నట్టు. "ఇగ ఊకుంటె కాదు. వచ్చే సోమవారం హైదరాబాద్ పోదాం. బ్రౌజర్ ఆఫీసు ఏడున్నా పట్టుకుందాం. అందరు తయారుండుండ్లి."

తయారైన్రు. అది చూడుండ్లి మా ఓరుగల్లోల్ల సంగతి. పొద్దుగాల రైలు. చాచా ఆటోల స్టేషన్ కాడ దింపుతడు. మరిపెడామె ముందటి దినమే వచ్చి మా ఇంట్ల ఉంటది. పటేల్ స్టేషన్ ఘన్‌పూర్‌ల ఎక్కుతడు, నమూనా కోసం బర్రె ఫోటోలు నాలుగు దిక్కుల నుంచి తీయించిండు. నాలుగు బై అ, నాలుగు బై ఆ ఇద్దరు ఏరే ఏరే డబ్బాలల్ల కూసుంటమన్నరు. దారిల తినెటందుకు అమ్మ సకినాలు చేస్తాంది. బ్రౌజర్ ఆఫీసు అసలు హైదరాబాద్‌ల ఉన్నదో లేదో ఎవ్వలు అడుగలే. డెబ్బై దాటిన మనిషి, ఆ ట్రాఫిక్‌ల, లేని ఆఫీసు కోసం గల్లి గల్లి తిరుగుడు నా కండ్ల ముందట కనపడ్డది. రేపు రైలనంగ ఆదివారం పొద్దుగాల బాపును షాపుకు పిలిచిన. షెట్టర్ సగం లేపి ఇద్దరం లోపట కూసున్నం.

"బాపు, అది పోలే."

"ఏది?"

"దరఖాస్తు. పట్టలే. ఐదువందల అక్షరాలకే హద్దు పెట్టిన్రు, నీ మర్యాదలకే నిండింది. రశీదు నేనే కొట్టిన. రెండు నెలల సంది నీతోని అబద్ధం చెప్తాన."

బాపు జేబుల నుంచి రశీదు తీసిండు. మడతలిప్పి టేబుల్ మీద పెట్టి చేతితోని సాపు చేసిండు. "ముద్ర తలకిందులు కొట్టినవ్" అన్నడు. "షాపు తెరిచిననాడు ఈ ముద్ర చేపిచ్చి తెచ్చింది ఎవలు?"

బాపే. "అంటె ఎరికేనా?"

"ఆ దినమే ఎరికె."

ఏడ్వాల్సినదాన్ని, కోపమొచ్చింది. "మరి సోమవారం సోమవారం నా ముందట నిలబడి నన్నెందుకు సంపినవ్?"

"దరఖాస్తు ఎక్కడ ఆగితె అక్కడనే అడగాలె గద బిడ్డా. నీ కాడ ఆగింది. నిన్నడిగిన."

"హైదరాబాద్ పోదామంటివి?"

"అడిగి అడిగినా కదలకపోతె పై ఆఫీసుకు పోతమని చెప్పాలె. గది పద్ధతి. చెప్తె కదుల్తది." నా మొఖం దిక్కు చూసిండు. "కదిలినవా లేదా?"

రెండు నెలలు నేనే ఆఫీసునైన సంగతి నాకొక్కదానికే తెల్వలే. అప్పుడు ఏడుపొచ్చింది. ఎన్నేండ్ల సందో దాసుకున్న మాట కూడ దాంతోనే వచ్చింది. "నీ గిరాకి నేనే గుంజుకున్న బాపు. గొడుగు మడిపిచ్చిన. ఇప్పుడు అబద్ధం కూడ చెప్పిన."

"గిరాకి ఏడికి పోయింది? అదే జాగ. గొడుగు పోయి రేకులొచ్చినయ్" అన్నడు బాపు. నాకు ఏడుపు ఆగేదాక ఊకున్నడు. మధ్యల ఆపలే. ఆ తర్వాత, "రైలు లేదని అందరికి నేను చెప్పుకుంట. ఇగ పంపు" అన్నడు.

"ఆరు పేజీలు ఎట్ల పడ్తయ్?"

"ఆరు పేజీలు ఎందుకు? విషయం అని మీద ఒక లైన్ ఉంటది సూడు, అదొక్కటి పంపు. ఏ ఆఫీసుల అయినా సారు సదివేది అదొక్కటే. నాకు మొదటేడే ఎరికైంది."

"మరి నలభై ఏండ్లు పేజీలకు పేజీలు ఎవలకు రాసినవ్?"

"రాయించుకున్నోల్లకు" అన్నడు బాపు. "వాల్లకు ఎవలో ఒకలు మొత్తం ఇనాలె గద."

బ్రౌజర్‌ల ఎతికి ఎతికి ఆ డబ్బను పట్టుకున్న. బాపు పక్కకు కుర్చీ జరుపుకొని చెప్పిండు, నేను కొట్టిన. 'విషయం: మేము చెప్పుట ముగియు వరకు ఆగవలెనని కోరుట గురించి.' కొట్టినంక బాపు, కోరుట అనాల్నా ప్రార్థించుట అనాల్నా అని సోచాయించిండు. కోరుట అంటె జర గట్టిగుంటది, ప్రార్థించుట అంటె మరీ వంగినట్టుంటది అని అటు ఇటు తూకమేసిండు. ఆఖరికి కోరుటనే ఉండనియ్యి అన్నడు. నేను మౌస్ పట్టిన.

'మీ సమయం ముగిసింది. దయచేసి మళ్లీ మొదటి నుంచి ప్రారంభించండి.'

ఇద్దరం తెర దిక్కు చూసినం. బాపు నవ్వుడు మొదలుపెట్టిండు. కట్టుడు పండ్లు జారుతాంటె చేత్తోని పట్టుకొని మరీ నవ్విండు. కండ్లద్దాలు తీసి కండ్లు తుడుసుకొని మల్ల నవ్విండు. "మొదటి అంశం అందుకే పెట్టినం" అన్నడు. బాపు గట్ల నవ్వంగ చూసి ఎన్నేండ్లయిందో, నేను కూడ కడుపు పట్టుకున్న.

మల్ల మొదటికెల్లి కొట్టిన. ఈసారి పోయింది. తెర మీద 'ధన్యవాదాలు' అని ఒక్క మాట వచ్చింది.

"నంబర్ ఏది?"

"నంబర్ ఇయ్యరు బాపు. గంతే."

"ప్రింట్ తీ."

తీసి ఇచ్చిన. సొరుగు గుంజి మా షాపు ముద్ర బాపే తీసిండు. దాని మీద నోటితోని ఆవిరి ఊది, సీదాగ పట్టుకొని, ధన్యవాదాలు కింద గుద్దిండు. పైన పెన్నుతోని 'నంబర్ 1' అని రాసి, ఆ కాయితాన్ని నా దిక్కు జరిపిండు.

"నీ కాడ పెట్టుకో" అన్నడు. "సోమవారం వచ్చి అడుగుత."